లెక్కలు వచ్చు, లెక్కల ఇంగ్లీషే రావాలి

కావలి నుంచి ఒక చెల్లెమ్మ అడిగారు: "అన్నా, మా ఆడపడుచు ఎప్పుడో వేసిన పిటిషన్‌కి ఇన్నాళ్లకు వీసాలు వచ్చాయి. జూలైలో న్యూజెర్సీ వస్తున్నాం. బాబుకి ఆరో తరగతి అయిపోయింది, అక్కడ ఏడో గ్రేడ్‌లో చేర్చుకుంటారంటున్నారు. ఇక్కడ గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కల్లో వాడే ఫస్ట్. కానీ ఇంగ్లీషులో లెక్క ఇస్తే బిక్కమొహం వేస్తున్నాడు. నాకు ఒకటే టెన్షన్. ఈలోపు ఏం నేర్పమంటారు?"

చెల్లెమ్మా, మీ బాబుకి లెక్కలు వచ్చు. ఆ సంగతి మీరు గట్టిగా నమ్మాలి, ఎందుకంటే మొదటి రెండు మూడు నెలలు స్కూలు నుంచి వచ్చే పేపర్లు చూస్తే మీకే అనుమానం వస్తుంది. అమెరికాలో 6, 7, 8 గ్రేడ్లను మిడిల్ స్కూల్ అంటారు. ఆరులో నిష్పత్తులు, రుణసంఖ్యలు. ఏడులో అనుపాతం, శాతాలు, డిస్కౌంట్లు, వడ్డీ. ఎనిమిదిలో సరళరేఖల సమీకరణాలు, పైథాగరస్ సిద్ధాంతం. ఎక్కాలు నోటికి వచ్చిన పిల్లలు గుణకారం దగ్గరా భాగహారం దగ్గరా ఆగరు. ప్రశ్న దగ్గరే ఆగుతారు. అక్కడ లెక్కంటే నాలుగైదు వాక్యాల కథ. జవాబు వేస్తే సరిపోదు, అది ఎలా వచ్చిందో, ఎందుకు సరైందో మాటల్లో రాయాలి. మాది ఉలవపాడు, మన వైపు నుంచి అమెరికా వచ్చిన పిల్లలకు శనివారాలు హోంవర్కులో సాయం చేస్తుంటాను. "ఆన్సర్ కరెక్టే కదా అంకుల్, మార్కులెందుకు తగ్గించారు?" అని కొత్తగా వచ్చిన ప్రతి పిల్లా అడుగుతుంది. అందుకే ఈ వేసవిలో లెక్కల ట్యూషన్ పెట్టించొద్దు. లెక్కలో వచ్చే మాటల మీద కూర్చోబెట్టండి.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది 'లెస్ దేన్'. 'ఫైవ్ లెస్ దేన్ ఎ నంబర్' అని ఉంటే పిల్లలు మాటలు వచ్చిన వరసలోనే 5 మైనస్ ఎక్స్ అని రాసేస్తారు. రాయాల్సింది ఎక్స్ మైనస్ 5. ఇక్కడ తెలుగే వాడికి అండ. "ఒక సంఖ్య కంటే 5 తక్కువ" అని వాడి నోటితో అనిపించండి. సంఖ్య ముందు వచ్చింది, 5 తర్వాత వచ్చింది. అదే వరసలో రాస్తే సరిపోయింది. అలాగే 'ఎట్ లీస్ట్ 12' అని చూడగానే 'లీస్ట్' అన్న మాట పట్టుకుని చిన్నది అనే గుర్తు పెట్టేస్తారు. 'కనీసం 12' అని తెలుగులో అనుకున్న పిల్లాడు ఆ పొరపాటు చేయడు. పన్నెండో, అంతకు మించో అని వాడికి తెలుసు. 'ఎట్ మోస్ట్' అంటే మహా అయితే. ఇంగ్లీషు త్వరగా రావాలని ఇంట్లో తెలుగు మానిపించే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. లెక్క ముందు తెలుగులో అర్థం కావాలి, ఆ తర్వాతే కాగితం మీదకి ఇంగ్లీషులో ఎక్కాలి.

రెండోది మనం రోజూ వాడే 'ఇంటూ'. త్రీ ఇంటూ ట్వెల్వ్ అంటే మనకు 36. అక్కడి టీచరు అదే మాట అంటే పన్నెండుని మూడుతో భాగించమని, జవాబు 4. గుణకారానికి వాళ్లు 'టైమ్స్' అంటారు. కాబట్టి ఇప్పటి నుంచే ఎక్కాలు 'త్రీ టైమ్స్ ఫోర్ ఈజ్ ట్వెల్వ్' అని చదివించండి. భిన్నాన్ని మనలా 'త్రీ బై ఫోర్' అనరు, 'త్రీ ఫోర్త్స్' అనో 'త్రీ ఓవర్ ఫోర్' అనో అంటారు. దశాంశాలకు 'టెన్త్స్', 'హండ్రెడ్త్స్'. చివర 'త్స్' చెవిన పడకపోతే వందో వంతు కాస్తా వందలైపోతుంది, అందుకని ఈ రెండూ వాడు పైకి పలికేదాకా వదలొద్దు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకూ కొన్ని కొత్తే. మన హెచ్‌సీఎఫ్ (గ.సా.భా.) అక్కడ జీసీఎఫ్. కూడిక, గుణకారం లాంటివి ఏది ముందు చేయాలో చెప్పే బోడ్‌మాస్ బదులు పెమ్‌డాస్. పేరే వేరు, పద్ధతి ఒకటే. ట్రపీజియం ట్రపెజాయిడ్ అవుతుంది, రైట్ యాంగిల్డ్ ట్రయాంగిల్ రైట్ ట్రయాంగిల్ అవుతుంది. లక్షలు, కోట్లు ఉండవు: లక్షను హండ్రెడ్ థౌజండ్ అంటారు, కామా మూడేసి అంకెలకు పడుతుంది. పెన్నీ 1 సెంటు, నికెల్ 5, డైమ్ 10, క్వార్టర్ 25 అని ముందే చెప్పి ఉంచండి, సంభావ్యత లెక్కల నిండా ఈ నాణేలే.

ఏడో గ్రేడ్‌కి ప్రాణం 'యూనిట్ రేట్', అంటే ఒక్కోదానికి ఎంత అనే లెక్క. దీన్ని పుస్తకంలోంచి కాకుండా మీ ఊళ్లోంచే నేర్పండి. రొయ్యల గుంటల దగ్గర 50 కౌంట్, 30 కౌంట్ అంటారు కదా, అదే యూనిట్ రేట్. 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు, ఒక్కోటి సగటున 20 గ్రాములు. 100 కౌంట్ అయితే 10 గ్రాములు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఇంత తెలిసిన పిల్లాడు 'ఫిఫ్టీ ష్రింప్ పర్ కిలోగ్రామ్' అనడం ఒక్కటి నేర్చుకుంటే పాఠం సగం వచ్చినట్టే. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. పుట్టి వడ్లు 17,000 రూపాయలైతే కిలో ఎంతో వాణ్ణే చెప్పమనండి. ఇళ్ల స్థలాల అంకణం కూడా వదలొద్దు. ఆరడుగుల చదరం, అంటే 36 చదరపు అడుగులు 'ఏరియా', 24 అడుగులు 'పెరిమీటర్'. అమెరికా లెక్కల్లో అడుగులు, అంగుళాలు బాగా వస్తాయి కాబట్టి ఈ అంకణం వాడికి అక్కడ పనికొస్తుంది.

ప్రశ్నలో ఏం చేయమన్నారో చెప్పే మాటలు విడిగా నేర్పాలి. 'ఎవాల్యుయేట్' అంటే విలువ కట్టమని, 'సింప్లిఫై' అంటే సూక్ష్మీకరించమని, 'సాల్వ్' అంటే సాధించమని, 'ఎస్టిమేట్' అంటే సుమారుగా అంచనా వేయమని. 'జస్టిఫై' అంటే కారణం చూపమని. మన పిల్లలు ఖాళీగా వదిలేసేది ఈ చివరిదాన్నే. రోజూ ఒక లెక్కకి "ఎందుకంటే" అంటూ రెండు వాక్యాలు ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో రాయించండి.

సూట్‌కేసులో చోటు చేసుకుని మన రాష్ట్ర ప్రభుత్వ లెక్కల పుస్తకాలు, ఆరు, ఏడు రెండూ పట్టుకురండి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ఆ పుస్తకాలకు మించిన నిఘంటువు మీకు అమెరికాలో దొరకదు.

స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. పిల్లాడికి ఏదో ముద్ర పడుతుందని భయపడి కొందరు ఇంగ్లీషు అని రాసేస్తారు. మీరు తెలుగు అనే రాయండి. దాన్నిబట్టి ఇంగ్లీషు పరీక్ష పెట్టి, అవసరమైతే సాయం చేస్తారు. ఇంగ్లీషు రాని పిల్లలను సాయం లేకుండా వదిలేయడం పౌరహక్కుల చట్టానికి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే తీర్పిచ్చింది. మీకు మాట్లాడడం ఇబ్బందైతే దుబాసీని అడగండి, డబ్బు తీసుకోకుండా ఏర్పాటు చేయాల్సింది స్కూలే. ఇంగ్లీషు తక్కువని లెక్కల్లో కింది క్లాసులో వేస్తామంటే మాత్రం వెంటనే తలూపకండి. మార్కుల రికార్డులు చూపించి, కథల్లేకుండా ఉత్త అంకెలతో ఒక పరీక్ష పెట్టి చూడమని టీచరుని మర్యాదగా అడగండి.

న్యూజెర్సీలో స్కూళ్లు ఎక్కువగా సెప్టెంబరు మొదట్లో తెరుస్తారు. జూలైలో దిగితే నెల పైనే చేతిలో ఉంటుంది. ఆ రోజుల్లో సరుకులకు వెళ్లినప్పుడు బాబుని వెంట తీసుకెళ్లండి. అరల మీద ధర పక్కనే చిన్న అక్షరాలతో ఔన్సుకి ఎంత, పౌండుకి ఎంత అని వేసి ఉంటుంది. పెద్ద డబ్బా లాభమా, చిన్నదా అని వాణ్ణే తేల్చి చెప్పమనండి, ఇంగ్లీషులో.