‘పరిశీలన’ అనాలా, ‘గమనించడం’ అనాలా?

సందేహం: డిజైన్ కోర్సు చదువుతున్నాను. అనంతపురం మార్కెట్ యార్డులో రైతులు ఫోన్‌లో ధరలు ఎలా చూసుకుంటారో తెలుసుకోవాలి. వాళ్ల సంతకం తీసుకునే కాగితంలో ‘వినియోగదారుల పరిశీలన’ అని రాస్తే, మా సార్ ‘గమనించడం’ అని మార్చమన్నారు. ఏది సరైనది?

సమాధానం: మాటగా రెండూ సరైనవే. కానీ ఆ కాగితం రైతు చేతికి వెళ్తుంది కాబట్టి నేనూ ‘పరిశీలన’ కొట్టేయమనే చెప్తాను. సంస్కృతంలో దానికి పదేపదే సాధన చేయడం అనే మంచి అర్థం ఉంది, అయితే ఇప్పుడు మనకు అది వినబడేది నామినేషన్ల పరిశీలన, దరఖాస్తుల పరిశీలన లాంటి చోట్లే, అన్నిట్లోనూ ఒక ఆఫీసరు కూర్చుని తప్పొప్పులు తేలుస్తుంటాడు. ‘గమనించు’లో ఆ పెత్తనం లేదు. పక్కనున్న కన్నడంలో ‘గమనిసు’ అన్నా ఇదే అర్థం.

కొన్నేళ్ల కిందట ఒక మిత్రుడితో అదే యార్డుకు వెళ్లి, ఒక రైతు పెద్దాయనతో ‘మీ ఫోన్ వాడకం పరిశీలించడానికి వచ్చాం’ అన్నాను. ఆ పెద్దాయన ఫోన్ జేబులో పెట్టేసుకుని ‘లోను సంగతా సార్?’ అన్నాడు, మొహంలో టెన్షన్ కనబడింది. టీ తాగాక ‘చీనీ రేటు ఎట్లా చూస్తారో నాకూ చూపించు పెద్దాయనా’ అంటే తనే ఫోన్ తీశాడు. ‘చీనీ’ అని వెతికితే ఏమీ రాలేదు, ఎందుకంటే ఆ యాప్‌లో అదే పండు ‘బత్తాయి’ పేరుతో ఉంది. ఆయన విసుక్కోలేదు, మనవడికి ఫోన్ చేసి రేటు అడిగేశాడు. ‘యాప్ వాడతారా?’ అని ప్రశ్నాపత్రంలో అడిగుంటే ‘వాడతాను’ అనేవాడు, చీనీ సంగతి మాత్రం బయటికొచ్చేది కాదు.

మీ రంగంలో హ్యూ బేయర్, కరెన్ హోల్ట్జ్‌బ్లాట్ 1990లలో చెప్పిన పద్ధతి కూడా ఇదే: పని జరిగే చోటికే వెళ్లి, ఆ పని తెలిసినవాడి దగ్గర శిష్యుడిలా కూర్చోవడం. శిష్యుడు గురువును పరిశీలించడు కదా!

‘వినియోగదారు’ కూడా వద్దు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నుంచీ అది సరుకు కొనేవాడి పేరుగా స్థిరపడింది, మీ రైతేమో అమ్మేవాడు. తెలుగు వికీపీడియాలో ‘వాడుకరి’ ఉంది, థీసిస్‌కు బాగుంటుంది. కాగితంలో మాత్రం ఇలా రాయండి: ‘మీరు ఫోన్‌లో రేట్లు ఎలా చూస్తారో మీ పక్కన కూర్చుని చూసి నేర్చుకుంటాను. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా వద్దనవచ్చు.’