రెండు రోజుల చెన్నైకి పద్నాలుగు చోట్ల పట్టిక

ప్రశ్న: మాది అనంతపురం, మా వారిది గుంటూరు. పెళ్ళయి మూడేళ్ళయింది. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నేను స్కూల్లో టీచర్ని. అత్తగారు మాతోనే ఉంటారు. సంక్రాంతి తర్వాత ఒక శుక్ర, శనివారాల్లో ఇద్దరమే చెన్నై వెళ్దామని మా వారు అన్నారు. చాలా సంతోషించాను. ఆ తర్వాత ఆయన కంప్యూటర్లో గంటల వారీగా పట్టిక వేశారు. రెండు రోజుల్లో పద్నాలుగు చోట్లు! దాన్ని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ‘హోటలు దండగ, అంబత్తూరులో మా పిన్ని ఇంట్లో దిగుదాం’ అంటున్నారు మా వారు. అత్తగారిదీ అదే మాట. పోయినసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు అందరి ముందూ ‘ఇంకా విశేషమేమీ లేదా’ అని అడిగారు. ఆ సంగతి మా వారికి చెప్పలేదు. నాకు సముద్రం ఒడ్డున ఒక సాయంత్రం ఊరికే కూర్చోవాలని ఉంది. మైసూరు వెళ్ళినప్పుడూ ఇలాగే పరుగులు పెట్టి, తిరిగి వచ్చాక నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. అప్పుడు ఎక్కడికి వెళ్దామన్నా మీ ఇష్టం అన్నాను. ఈ ప్రయాణం మానేస్తేనే మంచిదేమో అనిపిస్తోంది. నేను తప్పుగా ఆలోచిస్తున్నానా?

– పేరు రాయడం ఇష్టం లేని సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, ప్రయాణం మానుకోకండి. మానుకుంటే ఆ పద్నాలుగు చోట్లతో పాటు మీ సాయంత్రం కూడా పోతుంది. ‘ఇద్దరమే వెళ్దాం’ అన్న మాట మీ వారి నోట తనంతట తానుగా వచ్చింది. తల్లి ఇంట్లో ఉండగా ఆ మాట అనడానికి మొహమాటపడే భర్తలు ఎంతోమంది. ఆయన అన్నారు. మిగతా కోపమంతా పక్కన పెట్టి ముందు ఈ ఒక్కటి ఆయన ఖాతాలో వేయండి.

మీరు పట్టిక గురించి ఎక్కువ రాశారు, అంబత్తూరు గురించి తక్కువ రాశారు. కానీ మీ బాధంతా ఆ తక్కువ రాసిన దాంట్లోనే ఉందని నాకు అనిపిస్తోంది. నలుగురూ కూర్చున్న చోట ఒక ఆడపిల్లను ‘విశేషమేమీ లేదా’ అని అడగడం చిన్న విషయం కాదు. అడిగినవాళ్ళు మరుక్షణం మరిచిపోతారు, విన్న మనిషికి ఆ మాట నెలల తరబడి గుచ్చుకుంటూనే ఉంటుంది. మీరు ఆ ఇంట్లో దిగడానికి వెనకాడుతున్నది అందుకే. అయితే మీ వారికి ఆ కారణం తెలియదు. ఆయనకు కనిపిస్తున్నదల్లా, తన పిన్ని ఇల్లంటే భార్యకు ఇష్టం లేదన్నది ఒక్కటే. ఆయన స్థానంలో ఎవరున్నా నొచ్చుకుంటారు.

కాబట్టి మొదట చెప్పవలసింది అదే. ఫిర్యాదులా కాకుండా జరిగింది జరిగినట్టు చెప్పండి. ‘పోయినసారి అందరి ముందూ పిన్నిగారు అలా అడిగితే నాకు ఏడుపొచ్చినంత పనయింది. మీకు చెప్పలేకపోయాను. ఈసారి మళ్ళీ అడిగితే మీరు జవాబు చెబుతారా?’ ఇంతకంటే ఎక్కువ అక్కరలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆయనే. మీరు చెబితే కోడలు ఎదురు మాట్లాడిందంటారు. ఆయన ‘అలాంటిదేమైనా ఉంటే ముందు నీకే చెబుతాం పిన్నీ, మా ఇద్దరికీ వదిలెయ్’ అంటే అక్కడితో ఆ సంభాషణ ఆగిపోతుంది. ఇంట్లో పెంచిన పిల్లవాడు నవ్వుతూ అన్న మాటను ఏ పిన్నీ తప్పు పట్టదు.

ఇక హోటలు. మూడేళ్ళ కాపురంలో ఒక్క రాత్రి వేరే ఊళ్ళో, వేరే గదిలో, తలుపు వేసుకుని ఉండాలనుకోవడం ఏ విధంగానూ తప్పు కాదు. మీరు అడగడానికి సిగ్గుపడుతున్నారని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. సిగ్గుపడకండి. కానీ బంధువుల ఇంటి గడప తొక్కకుండా ఊరు చూసి వచ్చేస్తే మాట మిగిలిపోతుంది, అదీ నిజమే. దానికి దారి మీ వారి పట్టికలోనే ఉంది. గురువారం రాత్రి బండెక్కి శుక్రవారం తెల్లవారేసరికి సెంట్రల్ స్టేషనులో దిగాలని రాశారు. అంత పొద్దున ఏ హోటలూ సామాన్యంగా గది ఇవ్వదు, చాలా చోట్ల మధ్యాహ్నం పన్నెండు దాటాలి. అప్పుడు అంబత్తూరు వెళ్ళండి. సెంట్రల్ నుంచి అరక్కోణం వైపు వెళ్ళే లోకల్ రైళ్ళు అంబత్తూరులో ఆగుతాయి. స్నానం, టిఫిను, కాసేపు కబుర్లు, పిన్నిగారికి మీరు తీసుకెళ్ళిన మైసూరు పాకు. పది, పదకొండు గంటలకు బయలుదేరండి. వెళ్ళినట్టూ ఉంటుంది, రాత్రి మీదిగానూ ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ‘పొద్దున వస్తాం, టిఫిను తిని వెళ్ళిపోతాం, రాత్రికి గది తీసుకున్నాం’ అని పిన్నిగారికి ఫోను చేయవలసింది మీ వారు. అత్తగారితో చెప్పవలసిందీ ఆయనే. ఆ రెండు మాటలూ కోడలి నోట వస్తే వాటికి వేరే అర్థాలు పుడతాయి. మీరు ఆ పని నెత్తిన వేసుకోవద్దు. గది ఖర్చు ఎవరిదన్న మాట వస్తే ‘నా జీతంలోంచి ఇస్తాను’ అనకండి, పోటీ పెట్టినట్టు ఉంటుంది. ప్రయాణానికి మొత్తం ఇంత అని ఇద్దరూ ముందే అనుకుని, గదిని అందులో కలపండి.

ఇప్పుడు పట్టిక సంగతి. చూశాను. నిజం చెప్పాలంటే దాన్ని చూస్తే నాకు మీ వారి మీద ఇష్టమే కలిగింది. దేనికెంత దూరం, ఎక్కడ ఏం తినాలి, ఏ రంగు మెట్రో ఎక్కాలి, అన్నీ వెతికి రాశారు. భార్యను తీసుకెళ్తున్నాను, ఏదీ తప్పిపోకూడదు అన్న ఆరాటం ప్రతి గడిలోనూ కనిపిస్తోంది. మనసులోది మాటల్లో చెప్పడం రాని మగవాళ్ళు కొందరు ఇలా పట్టికల్లో చెబుతారు. మీకు అందులో పరుగు కనిపించింది. పరుగూ ఉంది, ఆరాటమూ ఉంది.

అందులో రెండు పొరపాట్లు ఉన్నాయి. శుక్రవారం ఉదయం ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం అని వేశారు. ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అదే రోజు మధ్యాహ్నం ఒకటిన్నరకు మైలాపూరు కపాలీశ్వరాలయం అని ఉంది. మధ్యాహ్నం గుడి మూసి ఉంటుంది, మళ్ళీ నాలుగు గంటల ప్రాంతంలో తెరుస్తారు. ఈ రెండూ మీకు చెబుతున్నది ఆయనతో వాదించడానికి కాదు. ‘ఇదిగో, మీ పట్టిక ఇలా ఏడ్చింది’ అన్నారంటే మైసూరు మళ్ళీ మొదలైనట్టే. ‘శుక్రవారం మ్యూజియం ఉండదట, మార్చుదామా’ అని మామూలుగా అనండి.

పద్నాలుగింటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని కూర్చుంటే ప్రతి దానికీ ఒక గొడవ. అందుకని చోట్లను పక్కన పెట్టి పూటలను పంచుకోండి. మీకున్నవి నాలుగు పూటలు. శుక్రవారం ఉదయం ప్రయాణానికీ పిన్నిగారింటికీ పోగా మూడు మిగులుతాయి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా మీది. శనివారం రెండు పూటలూ ఆయనవి. మీకు ఒకటే ఇచ్చానని అనుకోకండి. మీరు కోరుకున్నది ఒక్క సాయంత్రమే కదా, అది మీకు పూర్తిగా దొరుకుతుంది. ఎవరి పూటలో వాళ్ళ మాటే చెల్లాలి. రెండోవాళ్ళు మొహం ముడుచుకోకూడదు, ఫోను చూస్తూ నడవకూడదు. ఆయన పూటలో మీరు ‘కాళ్ళు నొప్పులు’ అనకుండా నడవండి. మీ పూటలో ఆయన ‘తర్వాత ఎక్కడికి’ అని అడగకుండా కూర్చోవాలి.

మీ పూటకు నా మాట వింటే మైలాపూరు చాలు. గది ఆ పక్కనే తీసుకోండి. మధ్యాహ్నం నిద్రపొండి. ప్రయాణంలో నిద్రపోవడం దండగని ఎవరన్నారో గాని, రాత్రంతా బండిలో ఒళ్ళు హూనమైన ఇద్దరు మనుషులు సాయంత్రానికి పోట్లాడుకోక ఏం చేస్తారు? నాలుగున్నరకు గుడికి వెళ్ళండి. దర్శనం అయ్యాక మాడవీధుల్లో ఒక చుట్టు తిరగండి. పూలదండలు, ఇత్తడి సామాన్లు, పూజాద్రవ్యాల కొట్లు, గుడి వెనక కోనేరు. డబరా గ్లాసులో కాఫీ తాగండి. ఆ తర్వాత ఆటో ఎక్కితే సాంథోం మీదుగా కాసేపట్లో మెరీనా. సాంథోం చర్చి కూడా దారిలోనే ఉంది, ఇప్పుడున్న తెల్లని కట్టడం 1896 నాటిది. చూడాలనిపిస్తే చూడండి, లేకపోతే లేదు.

సముద్రం గురించి ఒక మాట ముందే చెప్పాలి. చెన్నైలో సూర్యుడు సముద్రంలోంచి పైకి లేస్తాడు, సాయంత్రం మాత్రం మన వీపు వెనక ఊళ్ళోకి దిగిపోతాడు. నీళ్ళలో సూర్యాస్తమయం చూడాలని మనసులో పెట్టుకుని ఉంటే అక్కడికి వెళ్ళి నిరాశపడతారు. కానీ ఆ వేళకు ఇసుక చల్లబడి గాలి మొదలవుతుంది. కొబ్బరి, పచ్చిమామిడి ముక్కలు కలిపిన బఠానీ సుండల్ పొట్లం కొనుక్కుని కూర్చోండి. మెరీనాలో జనం ఎక్కువనిపిస్తే బీసెంట్ నగర్ ఎలియట్స్ బీచికి వెళ్ళండి, అక్కడ కాస్త ప్రశాంతంగా ఉంటుంది. ఎక్కడైనా సరే నీళ్ళలోకి దిగవద్దు. మెరీనాలో లోపలికి లాగే అలలు ప్రతి ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. పాదాలు తడిస్తే చాలు.

శనివారం ఆయనది. ఆయన మహాబలిపురం అంటారని నా ఊహ. అది 55 కిలోమీటర్లు దాటిన దూరం. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద గంటన్నర. పెందలాడే బయలుదేరితే ఎండ ముదరకముందే సముద్రతీర ఆలయం, పంచ రథాలు చూడవచ్చు. రెండింటికీ ఒకే టికెట్టు. అర్జున తపస్సు శిల్పం రోడ్డు పక్కనే ఉంటుంది, టికెట్టు లేదు. తిరుగు దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు, అందులో మన కోస్తా చుట్టిల్లూ ఉంది. ఇవి రెండూ కలిస్తే శనివారం నిండిపోతుంది. మొసళ్ళ పార్కు, వండలూరు జూ, కోట, లైట్‌హౌస్ ఇంకోసారి.

అయినా మీ వారిది గుంటూరు కదా. ఆయనకు ఒక మాట చెప్పి చూడండి. ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నవి అమరావతి స్తూపం శిల్పాలు. కృష్ణ ఒడ్డున చెక్కిన సున్నపురాతి పలకలు 19వ శతాబ్దంలో మద్రాసు చేరాయి, కొన్ని అక్కడి నుంచి లండన్ దాకా వెళ్ళాయి. ఉమ్మడి గుంటూరు జిల్లా రాయిని పరాయి ఊళ్ళో చూడడం గుంటూరు మనిషికి వట్టి విహారం కాదు. ఆయన పట్టికలో దానికి నలభై నిమిషాలే ఇచ్చారు. శనివారం ఉదయం తీరిగ్గా మూడు గంటలు మ్యూజియానికి ఇచ్చి మహాబలిపురాన్ని వదిలేస్తానన్నా నేను మెచ్చుకుంటాను. అక్కడి కంచు విగ్రహాల్లో తిరువెంగాడులో దొరికిన చోళుల కాలపు అర్ధనారీశ్వరుడు ఉన్నాడు. మూడు చేతులు: అయ్యవారి వైపు రెండు, అమ్మవారి వైపు ఒకటి. దాని ముందు ఇద్దరూ కాసేపు నిలబడండి. అయితే ఏది ఎంచుకోవాలన్నది ఆయన ఇష్టం, అది ఆయన పూట.

మీ గురించి కూడా ఒకటి చెప్పాలి, నొచ్చుకోకండి. మైసూరు ప్రయాణం గురించి రాస్తూ ‘ఎక్కడికి వెళ్దామన్నా మీ ఇష్టం అన్నాను’ అని ఉత్తరం చివర ఒక మాట జోడించారు. ఆ మాట మానేయండి. మనసులో ఒక కోరిక పెట్టుకుని పైకి ‘మీ ఇష్టం’ అంటే ఆయన నిజంగానే తన ఇష్టప్రకారం చేస్తారు. ఆ తర్వాత మీకు కోపం వస్తే, ఎందుకు వచ్చిందో ఆయనకు అర్థం కాదు. ఆ నాలుగు రోజుల మౌనంలో ఆయన తన తప్పేమిటా అని వెతుక్కుని, దొరకక, చివరికి తనూ బిగుసుకుని ఉంటారు. ‘శుక్రవారం సాయంత్రం మీతో సముద్రం దగ్గర కూర్చోవాలని ఉంది, ఆ పూట ఇంకేమీ వద్దు’ అని నోరు తెరిచి అడగండి. ఆయన కాదంటారని నేను అనుకోను.

దీన్ని ఆయన కంప్యూటర్ ముందున్నప్పుడు ఎత్తకండి. ఆదివారం టిఫిను అయ్యాక, అత్తగారు గుడికో పక్కింటికో వెళ్ళినప్పుడు, ఇద్దరూ పట్టిక ముందేసుకుని కూర్చోండి. అంబత్తూరు మాట ముందు చెప్పండి, పూటల మాట తర్వాత. మొదటిది విన్నాక రెండోదానికి ఆయనే దారి ఇస్తారు.

తేదీల దగ్గర కొంచెం చూసుకోండి. సంక్రాంతి సెలవుల చివర కాణుం పొంగల్ నాడు చెన్నై అంతా మెరీనాలోనే ఉంటుంది. జనవరి 26 ముందు పరేడ్ రిహార్సళ్ళ కోసం బీచి రోడ్డును కొన్ని పూటలు మూసేస్తారు. ఈ రెండూ తప్పించండి. గదికి ఇద్దరి గుర్తింపు కార్డులూ అడుగుతారు. రైల్వే వాళ్ళు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే టికెట్లు ఇస్తున్నారు, పండగ రోజుల్లో బెంగళూరు–చెన్నై రాత్రి బండ్లలో బెర్తులు నిలవవు. మీరు మాట్లాడుకున్న రోజే రానూపోనూ టికెట్లు తీసేసుకోండి. శనివారం రాత్రి బండి పదిన్నర దాటాకే ఉండేలా చూడండి, లేకపోతే మహాబలిపురం నుంచి తిరిగి వచ్చేటప్పుడు స్టేషనుకు పరుగు తప్పదు.