సృష్టించి పక్కకు తప్పుకున్నాడా, ఇంకా ఆయనే మోస్తున్నాడా?

“బైబిలు ప్రకారం దేవుడు భూమిని చేసి వదిలేశాడా, ఇప్పటికీ ఆయనే నడుపుతున్నాడా? నడుపుతుంటే ఈ తుఫాన్లేమిటి?” అని అడిగారు. నడుపుతున్నాడు. నాకు ఇందులో రవ్వంత అనుమానం లేదు. ఎందుకో చెప్తాను.

మాది ఉద్దానం. పలాస దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వైపే తీరం దాటింది. మాది పెంకుటిల్లు. గాలి ముదిరాక ఎదురింటి మావయ్య వచ్చి, “సామాన్లు తరవాత సూసుకుందుము, ముందు పిల్లల్ని అట్టుకు రండర్రా” అని మమ్మల్ని వాళ్ల స్లాబు ఇంట్లోకి తీసుకెళ్లాడు. వాళ్లు చర్చికి వచ్చేవాళ్లు కాదు. ఒకే గదిలో పద్నాలుగు మందిమి. ఓ మూల అమ్మ ప్రార్థన చేస్తోంది, ఇంకో మూల అత్త అమ్మవారికి మొక్కుకుంటోంది. గాలి హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

తెల్లారి బయటికొస్తే వెలుతురు మరీ ఎక్కువగా అనిపించింది. మా ఊళ్లో అంత ఆకాశం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి గానీ తెలియలేదు, కొబ్బరిచెట్లు లేవని. కొన్ని వేళ్లతో సహా పడ్డాయి, కొన్ని నడిమికి విరిగాయి, నిలబడ్డవాటికి మొవ్వు మెలి తిరిగిపోయింది. జీడితోటా అంతే. అవన్నీ తాత వేసిన చెట్లు. నాన్న గట్టు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా లేవలేదు.

తర్వాత ఎక్కడి నుంచో ఒక బోధకుడు వచ్చి, ఇది ఊరి పాపానికి శిక్ష అన్నాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. లూకా 13 చదవండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా, కాదు అని యేసే చెప్పాడు. మీరు మారుమనస్సు పొందండి అన్నాడు గానీ పోయినవాళ్ల మీద నింద వెయ్యలేదు. ఆ రాత్రి మమ్మల్ని కాచిన స్లాబు ఎవరిది మరి?

సంక్రాంతి దాటాక ఒకరోజు నాన్న కేకేశాడు. ఎండిన మట్టల చాటున మిగిలిపోయిన కాయలు మొలకెత్తాయి. ఎవరూ పాతలేదు, చుక్క నీరు పొయ్యలేదు. “సూడరా, మనం ఏడుత్తా కూకుంటే ఇవి పని మొదలెట్టీసినాయి” అన్నాడు. కీర్తన 104లో “నీవు భూతలమును నూతనపరచుచున్నావు” అని ఉంటుంది. ఎప్పుడో నూతనపరిచావు అని కాదు, పరచుచున్నావు అని. చిన్నప్పటి నుంచీ ఆదివారం బడిలో అప్పజెప్పిన మాటే. ఆ రోజు తోటలో నిలబడ్డాకే నా బుర్రకెక్కింది.

ఇంకో సంగతి. ఆదికాండము 1:28లో “లోబరచుకొనుడి” అన్నది అందరికీ కంఠస్థం. 2:15 ఎవరికీ గుర్తుండదు. ఏదెను తోటను సేద్యపరచడానికీ, కాచడానికీ దేవుడు మనిషిని అక్కడ ఉంచాడు. ‘కాచడం’ అన్న చోట హీబ్రూలో షామర్ అనే మాట ఉంది. 121వ కీర్తనలో దేవుడు మనల్ని కాపాడతాడు అన్నచోట కూడా అదే మాట. ఆయన మనకు చేస్తున్న పనే మనల్ని నేలకు చెయ్యమన్నాడు. మనమేమో గాలిని ఆపే సరుగుడు తోటలు నరుక్కుంటాం, వంశధార ఇసుక లారీలకెత్తుతాం, మళ్లీ దేవుడెక్కడ అని అడుగుతాం. ఇసుక లారీ ఉన్న విశ్వాసులు మా చర్చిలోనూ ఉన్నారు. వాళ్లకు ఈ వచనం చెప్పే పాస్టరు గారిని నేనింతవరకు చూడలేదు.

నాన్న ఆ మొలకల్లో గట్టివి ఏరి నాటాడు. ఆరేళ్లు దాటాక గెల వేశాయి. తొలి కాయలు అమ్మ ఎదురింటికి పంపింది. మావయ్య వాటిని అమ్మవారికి కొట్టాడో, కూరలో వేసుకున్నారో మేము అడగలేదు.