చట్టబద్ధ సేవలో ఉంటే ఉద్యోగానికి రక్షణ ఉన్నట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) గ్రంథాలయంలో పనిచేస్తోంది. అక్కడి పార్కుల విభాగంలో ఈమధ్య చాలామందిని తొలగించారట. పార్కులు ఐచ్ఛిక సేవ అనీ, గ్రంథాలయం చట్టం విధించిన సేవ కనుక తన ఉద్యోగానికి ఢోకా లేదనీ ఆమె అంటోంది. నిజమేనా?

జవాబు: సేవ విషయంలో మీ అమ్మాయి మాట నిజమే, ఉద్యోగం విషయంలో కాదు. గ్రంథాలయాలు, మ్యూజియంల చట్టం (1964) 7వ సెక్షన్ ప్రకారం సమగ్రమైన, సమర్థమైన గ్రంథాలయ సేవను అందించడం కౌన్సిల్ విధి. అదే చట్టం 12వ సెక్షన్‌లో మ్యూజియంల దగ్గరకు వచ్చేసరికి 'నిర్వహించవచ్చు' అని ఊరుకుంటుంది. తప్పనిసరి సేవకూ ఐచ్ఛిక సేవకూ ఉన్న తేడా అంతా ఆ ఒక్క క్రియాపదంలోనే ఉంది. అయితే ఎన్ని శాఖలుండాలో, వారానికి ఎన్ని గంటలు తెరవాలో, కౌంటర్ దగ్గర ఎందరుండాలో 7వ సెక్షన్ చెప్పదు కనుక, పనివేళలు కుదించి, కొన్ని శాఖలను వాలంటీర్లకు అప్పగించి కూడా తన విధి నెరవేరుస్తూనే ఉన్నానని కౌన్సిల్ వాదించగలదు.

సిబ్బంది విషయంలో 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం 112వ సెక్షన్ మాట ఇంకా వదులుగా ఉంటుంది: తమకు అవసరమని తోచిన అధికారులను కౌన్సిళ్లు నియమించుకోవాలి. చట్టం పేరుపెట్టి కోరే పదవులు కొన్నే. ఉద్యోగులందరికీ అధిపతి, చట్ట ఉల్లంఘనలపై నివేదించే మానిటరింగ్ ఆఫీసర్, ఆర్థిక వ్యవహారాల అధికారి వాటిలో ముఖ్యులు. వీరిలో మొదటి ఇద్దరికి, తమ విధులకు ఎంత సిబ్బంది చాలునో తామే తేల్చుకునే వెసులుబాటును 1989 నాటి చట్టం ఇచ్చింది. ఆ భాగ్యం గ్రంథపాలకులకు లేదు.

బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2023 సెప్టెంబరులో, ఖర్చు ఆదాయాన్ని మించిపోతోందని ప్రకటించే నోటీసును 1988 నాటి స్థానిక ప్రభుత్వ ఆర్థిక చట్టం 114వ సెక్షన్ కింద ఇచ్చి, బలహీనుల రక్షణకూ చట్టబద్ధ సేవలకూ తప్ప కొత్త ఖర్చులన్నీ ఆపేసింది. అయినా తరువాతి బడ్జెట్ కోతలు గ్రంథాలయాలనూ తాకాయి.

కాబట్టి మీ అమ్మాయికి అక్కరకొచ్చేది గ్రంథాలయ చట్టం కాదు, ఉద్యోగ చట్టం. ఒకే సంస్థలో 90 రోజుల్లోపు 20 మందికి తక్కువ కాకుండా తొలగించదలిస్తే, తొలి తొలగింపునకు కనీసం 30 రోజుల ముందే యజమాని సంప్రదింపులు మొదలుపెట్టాలి. ఆ సంఖ్య 100కు చేరితే 45 రోజుల ముందు. రెండేళ్ల సర్వీసు నిండితే చట్టబద్ధ పరిహారానికి అర్హత వస్తుంది. పార్కుల సిబ్బందికి కూడా ఇవే హక్కులు వర్తిస్తాయి.