మందుల షాపు సాఫ్ట్‌వేరు రాస్తున్న మా అల్లుడికి

ఒరే అల్లుడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసేడు. గంటసేపూ నీ కబుర్లే, ఇంకో మాట లేదు. పర్లాకిమిడిలో ఆ మందుల హోల్‌సేల్ షాపుకి నువ్వే సొంతంగా ప్రోగ్రాం రాస్తున్నావని, బిల్లులు, స్టాకు, ఊళ్ళోవాళ్ళ బాకీలు అన్నీ అందులోకే వచ్చీస్తాయని, కౌంటర్‌లో పనిచేసేవాళ్ళకి ఎవరి లాగిన్ వాళ్ళకేనని. డిగ్రీ అయ్యి ఏడాది అవలేదు, అప్పుడే నీ పనికి ఒకాయన డబ్బులిస్తున్నాడంటే నాకు సంతోషం ఉండదేటి. కానీ పెట్టీసే ముందు మీ నాన్న గొప్పగా ఒక మాటన్నాడు, "ఎవరైనా పాస్‌వర్డ్ మర్చిపోతే మనోడు ఫైల్ తెరిచి చూసి చెప్పీగలడక్కా" అని. ఇంక నాకు నిద్ర పట్టలేదు.

చూసి చెప్పడమేటిరా? చూస్తే కనబడుతోందంటే అక్కడ రాసి ఉన్నట్టేగా. నువ్వు చూడగలిగింది ఓనరూ చూడగలడు, ఓనరు బావమరిదీ చూడగలడు, కంప్యూటర్ రిపేరుకి పట్టుకెళ్ళిన కుర్రాడూ చూడగలడు. పాస్‌వర్డ్ అన్నది పెట్టుకున్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీకూడదు, ప్రోగ్రాం రాసిన నీకు అసలే తెలీకూడదు. నువ్వు మంచోడివని నాకు తెలుసు, సంగతది కాదు. రేపు ఆ షాపులో ఒక పదివేలు తేడా వచ్చిందనుకో, "అందరి పాస్‌వర్డ్‌లూ తెలిసినవాడు ఒకడున్నాడు కదా" అని అందరూ నీవైపే చూస్తారు. అప్పుడేటి చెప్పుకుంటావు?

తెలిసిన విషయాలు ముందు ఒక్క ముక్కలో చెప్పీస్తాను. టైప్ చేసేప్పుడు చుక్కలు రావాలి, పక్కన కన్ను బొమ్మ ఉండాలి, కాప్స్ లాక్ ఆన్‌లో ఉంటే చెప్పాలి, 8 అక్షరాల కన్నా తక్కువైతే ఒప్పుకోకు, అడ్మిన్ అడ్మిన్ అని ముందే పెట్టి ఇవ్వకు. అయిపోయింది.

నేను ఫైనాన్స్ ఆఫీసులో చేసినప్పటి సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అది ఫాక్స్‌ప్రో కాలం, లెక్కల టేబుళ్ళు పెట్టుకునే పాత డేటాబేస్ ప్రోగ్రాం అది. ఇక్కడ బరంపురంలో అప్పటికి కంప్యూటర్ ఉన్న ఆఫీసులే తక్కువ, మా దగ్గర ఏసీ గది అదొక్కటే, చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళాలి. నేను డేటా ఎంట్రీలో ఉండేదాన్ని. ప్రోగ్రాం రాసినాయన్ని అందరం సార్ అనేవాళ్ళం, తెలివైనవాడే, వడ్డీ లెక్కల్లో పైసా తేడా వచ్చేది కాదు. అంతటాయన మా అందరి పాస్‌వర్డ్‌లూ ఒక టేబుల్లో, 8 అక్షరాల ఫీల్డులో, ఉన్నవి ఉన్నట్టు పెట్టీసేడు. ఆ ఫైలుకి ఏదో సంబంధం లేని పేరు తగిలించి అదే సెక్యూరిటీ అనుకున్నాడు. ఎవరో అడిగితే "ఈ ఊళ్ళో ఫాక్స్‌ప్రో వచ్చినవాళ్ళెవరమ్మా" అని నవ్వీసేడు.

వచ్చినవాడు వచ్చేడు. వేసవి సెలవుల్లో కంప్యూటర్ నేర్చుకుంటానని మేనేజరు చుట్టాల గుంటడు ఒకడు రోజూ వచ్చి కూర్చునేవాడు. వాడికి వచ్చినవి రెండే కమాండ్లు, యూజ్ అని కొట్టి ఫైలు తెరవడం, బ్రౌజ్ అని కొట్టి లోపలేముందో చూడ్డం. డైరెక్టరీలో కనబడిన ఫైలల్లా తెరుచుకుంటూ పోయేడు, మా టేబుల్ దొరికింది. వాడు దొంగేం కాదు, వాడికదో ఆట. డాట్ మాట్రిక్స్ ప్రింటర్లో ప్రింటు తీసీసేడు, అంచులకి చిల్లులుండే ఆ పొడుగు కాయితం మీద ఎడంపక్క మా పేర్లు, కుడిపక్క మా పాస్‌వర్డ్‌లు. టీ టైముకల్లా అది ఆఫీసంతా తిరిగింది. ఓనరుది ఆయన స్కూటర్ నంబరు. అకౌంటెంటుది వాళ్ళ ఇలవేల్పు పేరు. ఇంకొకాయనది ఓనరు మీద తిట్టు, దానికి పడీపడీ నవ్వేరు, ఆయన మాత్రం నెల్లాళ్ళు ఓనరుకి ఎదురుపడలేదు.

క్యాష్ కౌంటర్లో ఒకమ్మాయి ఉండేది, ఇరవై దాటి ఉంటాయి, పెళ్ళి కుదిరింది. ఆ అమ్మాయి పేరు ఎదురుగా ఒక మగపేరు ఉంది. పెళ్ళికొడుకు పేరు కాదు. అంతే, ఇంకేమీ లేదు ఆ కాయితంలో. సాయంత్రానికి ఆ మాట ఆఫీసు గుమ్మం దాటీసింది, మర్నాటి నుంచి ఆ అమ్మాయి రాలేదు, రావలసిన జీతం వాళ్ళ నాన్న వచ్చి పట్టుకెళ్ళేడు, మా ఎవరి మొహమూ చూడలేదాయన. ఆ పేరు తమ్ముడిదో, చిన్నప్పుడు కూడా చదువుకున్నవాడిదో, ఎవరిదైతే మనకేటి, అడిగినవాళ్ళు లేరు, అనుకున్నవాళ్ళే అందరూ. మేనేజరు మమ్మల్నందరినీ నిలబెట్టి "ఆఫీసు కంప్యూటర్లో ఇలాంటివా రాసుకునేది" అని తిట్టేడు. సార్‌ని ఒక్క మాట అనలేదు. ఒక్క రూపాయి పోలేదు కదా, మరెందుకంటారు! నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాస్‌వర్డ్ అంటే అందరికీ డబ్బు పోతుందనే భయం. నాది ఆ భయం కాదురా. ఎవరికీ చెప్పని పేరు తెచ్చి మనుషులు ఆ చిన్న పెట్టెలో టైప్ చేస్తారు, చుక్కలే కనబడుతున్నాయి కదా అని. నీ షాపులో ఇద్దరు ఆడపిల్లలు కూడా బిల్లింగులో ఉన్నారట కదా, మీ నాన్న చెప్పేడు. పైగా ఇప్పుడు ఒకటే పాస్‌వర్డ్ మెయిలుకీ, ఫేస్‌బుక్కుకీ, అన్నిటికీ పెట్టుకుంటారు. నీ ఫైలు బయటికొస్తే నీ షాపుతో ఆగదు.

ఇది మన ఊరి గొడవొక్కటే కాదులే. 1966లో అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళ సీటీఎస్ఎస్ అనే సిస్టంలో రెండు ఫైళ్ళు తారుమారై, లాగిన్ అయిన ప్రతివాడికీ ఆ రోజు సందేశం బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా కనబడింది. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు పోయేయి, అవీ మా సార్ పెట్టినట్టు ఉన్నవి ఉన్నట్టే. అందులో ఎక్కువమంది పెట్టుకున్నది 123456.

మరి ఏటి చెయ్యాలంటే, పాస్‌వర్డ్ దాచకు, దాని హ్యాష్ దాచు, అంటే పాస్‌వర్డ్‌ని లెక్కకట్టి మార్చీసిన గజిబిజి. మరలో ఆడించిన పిండి మళ్ళీ గింజలవదు కదా, ఇదీ అంతే. లాగిన్ అయినప్పుడు వాళ్ళు కొట్టినదాన్ని మళ్ళీ అలగే హ్యాష్ చేసి రెండూ ఒకటో కాదో చూస్తావు, అసలుది ఏటన్నది నీకక్కర్లేదు. "ఎన్‌క్రిప్ట్ చేస్తాను అత్తా" అంటావేమో, వద్దు. దానికి కీ ఉంటుంది, ఆ కీ నీ ప్రోగ్రాంలోనే ఎక్కడో పెట్టాలి, నువ్వు రాసే పైథాన్‌తో చేసిన ఈఎక్స్ఈని, అదే షాపులో నడిపే ప్రోగ్రాం ఫైలుని, విప్పడం పెద్ద విద్యేం కాదు. అడోబీ అంతటి వాళ్ళు ఎన్‌క్రిప్ట్ చేసే పెట్టుకున్నారు, 2013లో ఆ ఫైలు బయటికొస్తే ఒకే పాస్‌వర్డ్ ఉన్నవాళ్ళందరికీ ఒకే గజిబిజి ఉంది, పక్కన హింట్లు మామూలుగా చదువుకునేలా ఉన్నాయి. ఆ హింట్లు చూసుకునే జనం చాలావాటిని చెప్పీసేరు. అంచేత నీ ప్రోగ్రాంలో హింట్ అన్న కాలమ్ ఉంటే ఇప్పుడే తీసీ.

హ్యాష్ అన్నాను కదా అని ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతి పట్టుకోకు, షా1 వద్దు, ఉత్త షా256 కూడా వద్దు. అవి వేగంగా నడవడానికి చేసినవి, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాడు సెకనుకి కోట్లలో ఊహించి చూసుకుంటాడు. ఇక్కడ మనకి కావలసింది నెమ్మది. ప్రతి యూజరుకీ వేరే సాల్ట్ కూడా ఉండాలి, అంటే హ్యాష్ చేసే ముందు పాస్‌వర్డ్‌కి కలిపే ఏదో ఒక అడ్డదిడ్డం ముక్క, లేకపోతే ఇద్దరు ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకున్నారని హ్యాష్ చూసే తెలిసిపోతుంది. ఇది 1979లోనే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం గురించి రాస్తూ దాని మీద పనిచేసిన మోరిస్, థాంప్సన్ చెప్పీసేరు, అయినా 2012లో లింక్డ్‌ఇన్ నుంచి పోయిన 65 లక్షల హ్యాష్‌లకి సాల్ట్ లేదు. 2015లో పాస్‌వర్డ్ హ్యాష్‌ల పోటీలో గెలిచింది ఆర్గాన్2, అందులో ఆర్గాన్2ఐడీ వాడు. సాఫ్ట్‌వేరు భద్రత గురించి సలహాలిచ్చే ఓవాస్ప్ వాళ్ళు చెప్పిన కనీసం 19 ఎంబీ మెమరీ, 2 విడతలు, 1 థ్రెడ్, షాపులో పాత డెస్క్‌టాప్ అయినా తట్టుకుంటుంది. పొద్దున్న ఓసారి లాగిన్ అయ్యేదానికి అరసెకను పట్టినా ఎవరూ ఏడవరు, ఇంకా పెంచుకో. పైథాన్ లైబ్రరీ సాల్టూ, సెట్టింగులూ, హ్యాషూ అన్నీ కలిపి ఒకే స్ట్రింగ్‌గా ఇస్తుంది, దాన్ని అలగే ఒక టెక్స్ట్ కాలమ్‌లో పెట్టీ, సరిచూడ్డం కూడా దాని వెరిఫైకే వదిలీ. నీ సొంత తెలివి మాత్రం ఇక్కడ వాడకు, దయచేసి.

నీ స్నేహితుడు బీక్రిప్ట్ అనే ఇంకో హ్యాష్ పద్ధతి చాలన్నాడట. చెడ్డదేం కాదు, కానీ అది 72 బైట్ల దాకానే చూస్తుంది, తెలుగు అక్షరానికీ గుణింతం గుర్తుకీ ఒక్కోదానికి 3 బైట్లు. "గుణుపురం" అని రాస్తేనే 24 అయిపోయేయి. మనవాళ్ళు తెలుగులోనో ఒడియాలోనో ఒక వాక్యం పెట్టుకుంటే తోక తెగిపోతుంది, కొన్ని లైబ్రరీలైతే చెప్పకుండానే కోసీస్తాయి. ఇంకోటి, "పైడితల్లి"లో ఐత్వం ఒకే గుర్తుగానైనా రావచ్చు, రెండు ముక్కలుగానైనా రావచ్చు, కంటికి రెండూ ఒకటే, హ్యాష్‌కి కాదు. ఇంటి కీబోర్డులో పెట్టుకున్నది షాపు కీబోర్డులో పనిచెయ్యట్లేదని మొత్తుకుంటారు. హ్యాష్ చేసే ముందు ఎన్ఎఫ్‌సీలోకి మార్చు, అంటే యూనికోడ్‌లో అలాంటి ముక్కలన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చే పద్ధతి.

ప్రోగ్రాం తనలో జరిగినవన్నీ రాసుకునే లాగ్ ఫైల్ దగ్గర జాగ్రత్త. పాస్‌వర్డ్ రాయవని నాకు తెలుసు, తప్పు లాగిన్ వచ్చినప్పుడు యూజర్‌నేమ్ రాస్తావు చూడు, అక్కడుంది ఇబ్బంది. కంగారులో జనం పేరు పెట్టెలోనే పాస్‌వర్డ్ కొట్టీస్తారు, అది తిన్నగా నీ లాగ్‌లోకెళ్ళి కూర్చుంటుంది. ఆ పేరుతో యూజర్ లేకపోతే "తెలియని పేరు" అని రాసి ఊరుకో. స్క్రీన్ మీద పేరు తప్పా పాస్‌వర్డ్ తప్పా అని విడదియ్యకు, "పేరో పాస్‌వర్డో సరిగ్గా లేదు, మళ్ళీ కొట్టండి" చాలు, కింద ఒడియాలో కూడా రాయి. గిడుగు రామ్మూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి "చెల్లని ఆధారాలు" అని మాత్రం పెట్టకురా, కౌంటర్ కుర్రాడికి అదేటో తెలీదు. నాలుగైదుసార్లు తప్పు కొడితే కొంచెం కొంచెం ఆలస్యం పెంచు, పూర్తిగా మూసీకు, బయట జనం మందుల కోసం నిలబడి ఉంటారు.

మర్చిపోయినవాళ్ళకి ఓనరు లాగిన్ నుంచి తాత్కాలికంగా ఒకటి ప్రోగ్రామే పుట్టించాలి, లోపలికి రాగానే మార్చుకోనిదే ముందుకెళ్ళకూడదు. ఓనరే మర్చిపోతే? దానికి ఇన్‌స్టాల్ చేసినరోజే పొడుగు రికవరీ కోడ్ ఒకటి ప్రింటు తీసి ఆయన బీరువాలో పెట్టించు, నీ ఫైల్లో దానికీ హ్యాషే ఉండాలి. నీకోసం చాటుగా మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకున్నావని తెలిసిందో, చెవి మెలేస్తాను.

ఓనరుకి ఇంకోటి విడమరిచి చెప్పు, లాగిన్ స్క్రీన్ ఉన్నంతమాత్రాన బాకీల లెక్క దాగదు. నీ డేటా అంతా ఉండే ఎస్‌క్యూలైట్ ఫైల్ కాపీ చేసుకున్నవాడు నీ ప్రోగ్రాం లేకుండానే తెరిచి చూస్తాడు. అది కూడా దాగాలంటే ఆ డేటా ఫైలుని ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌క్యూఎల్‌సైఫర్ గానీ, విండోస్‌లో డిస్కంతా ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ గానీ కావాలి, అది వేరే పని, వేరే డబ్బులు, ముందే మాట్లాడుకో.

ఇప్పటికే టెస్టింగ్‌కని షాపువాళ్ళ చేత పాస్‌వర్డ్‌లు పెట్టించీసేవట కదా. వాళ్ళని అడిగి మార్పించు, పాత కాలమ్ తీసీ. డిలీట్ కొట్టినంతమాత్రాన ఎస్‌క్యూలైట్ ఫైల్లోంచి పోవు, ఖాళీ పేజీల్లో అలగే ఉండిపోతాయి, ఫైలుని కొత్తగా తిరగరాసే వాక్యూమ్ అనే కమాండ్ నడిపితేనే పోతాయి. తర్వాత బ్యాకప్‌లు, నీ లాప్‌టాప్‌లో ఉన్నవీ, ఓనరు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదీ, మీ నాన్నకి చూపించాలని వాట్సాప్‌లో పంపేవే, అదీ. మీ నాన్న ఫోన్లోది నేను చెరిపించీసేను, మిగిలినవి ఈ వారంలో నువ్వు చూసుకో. అమ్మని అడిగేనని చెప్పు.

మీ అత్త