బొల్లి ఉందని పెళ్లి రద్దు చేస్తారా?

ప్రశ్న: నా వయసు 27. మాది గుంటూరు, మా వారిది విజయవాడ. పెళ్లయి పదహారు నెలలైంది. పదో తరగతి నుంచి నా ఎడమ చీలమండ దగ్గర చిన్న బొల్లి మచ్చ ఉంది. పెళ్లిచూపుల రోజే మా అమ్మ ఆ సంగతి అత్తగారికి చెప్పింది. సంబంధం తెచ్చిన బాబాయి అప్పుడు పక్కనే ఉన్నాడు. పెళ్లయ్యాక మచ్చలు చేతివేళ్లకు, పెదవి అంచుకు వచ్చాయి. రెండో నెలలో మా వారే నన్ను చర్మం డాక్టరుకు చూపించారు. ఆ తర్వాత అత్తగారు నా కంచం, గ్లాసు వేరు చేసి, మిగతా వాటిలో కలవకుండా అడుగున నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టారు. మూడు నెలల క్రితం నన్ను పుట్టింట్లో దింపి వెళ్లిపోయారు. ఇప్పుడు లాయరు నోటీసు పంపారు. 'కుష్టు, సుఖవ్యాధి దాచిపెట్టి మోసంతో పెళ్లి చేశారు, పెళ్లి రద్దు చేయిస్తాం, ఖర్చు ఆరు లక్షలు కట్టండి' అని అందులో ఉంది. నా పాత ఓపీ చీటీ జెరాక్సు సాక్ష్యంగా జత చేశారు. పరస్పర అంగీకారంతో విడాకులిస్తే డబ్బు అడగమని మధ్యవర్తులతో చెప్పిస్తున్నారు. చెల్లి పెళ్లి కావాలి, గొడవెందుకు, సంతకం పెట్టేయమని నాన్న అంటున్నారు. ఏం చేయాలి? (పేరు వేయవద్దు)

జవాబు: అమ్మా, ముందు సంతకం సంగతి చెబుతాను. ఇప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మీకు ఆయనతో కాపురం చేయాలని లేకపోతే విడిపోవడం మీ ఇష్టం, అది వేరు. కానీ భయపడి, సిగ్గుపడి, చేయని మోసాన్ని ఒప్పుకున్నట్టుగా విడిపోవద్దు. రేపు చెల్లి సంబంధం దగ్గర ఎవరైనా అడిగితే, మీరు జవాబివ్వకుండా వదిలేసిన ఆ నోటీసే మీ ఇంటి మీద మచ్చగా చూపిస్తారు.

మీరు పంపిన ఓపీ చీటీ ఫొటోను పెద్దది చేసి చూశాను. పైన ఒక మూల 'డి.వి.ఎల్.' అని రబ్బరు స్టాంపు. కింద డాక్టరు చేతిరాతలో విటిలిగో, అంటే బొల్లి, అని ఉంది. ఒక ఆయింట్‌మెంటు, కాంతి చికిత్స రాశారు. అంతకుమించి ఏమీ లేదు. డి.వి.ఎల్. అంటే డెర్మటాలజీ, వెనీరియాలజీ, లెప్రసీ. చర్మ వ్యాధులు, సుఖవ్యాధులు, కుష్టు, మూడూ ఒకే విభాగంలో చూస్తారు కాబట్టి ఆ పేరు. మొటిమలకు వెళ్లినా, తామరకు వెళ్లినా చీటీ మీద అదే ముద్ర పడుతుంది. నోటీసు రాసిన వాళ్లు స్టాంపు చదివారు, డాక్టరు రాసింది చదవలేదు. ఒక ఆడపిల్ల జీవితం గురించి రాసే కాగితంలో ఇంత అజాగ్రత్త చూస్తే బాధేస్తుంది.

బొల్లిని మన ఊళ్లలో శ్వేతకుష్టు అనడం అలవాటైపోయింది. ఈ అనర్థానికి మూలం ఆ మాటే. బొల్లికి క్రిమి లేదు, అంటదు. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరంలోని రక్షణ వ్యవస్థే దెబ్బతీయడం వల్ల ఆ మచ్చలు వస్తాయి. కుష్టు బ్యాక్టీరియా వల్ల వచ్చేది, ఆ మచ్చల మీద తరచుగా స్పర్శ పోతుంది. బొల్లిలో స్పర్శ పోదు. చర్మ వైద్యులు దూదితో తాకి కూడా పరీక్షిస్తారు. మీరు మళ్లీ ఒకసారి డాక్టరును కలిసి, 'ఇది విటిలిగో, అంటువ్యాధి కాదు, కుష్టు కాదు, సుఖవ్యాధి కాదు' అని సర్టిఫికెట్ రాయించుకోండి. మీ కేసులో అన్నిటికంటే బలమైన కాగితం అదే.

ఇంకో సంగతి. నిజంగా కుష్టే అయినా ఆ కారణంతో విడాకులు కోరే వీలు ఇప్పుడు లేదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో ఉన్న ఆ క్లాజును 2019లో పార్లమెంటు తీసేసింది. ముస్లిం, క్రైస్తవ, ప్రత్యేక వివాహ చట్టాల్లోనూ తీసేశారు. మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బు అది. కాబట్టి మీ జవాబులో 'నాకు కుష్టు లేదు' అని రాసేటప్పుడు, ఆ జబ్బు వచ్చినవాళ్లు తక్కువవాళ్లన్న అర్థం రానీయకండి. మీరు పడిన అవమానమే వాళ్లూ పడ్డారు. ఇక సుఖవ్యాధి క్లాజు ఇంకా ఉంది గానీ, అది ఎదుటివారికి అంటే స్థితిలో ఉన్న జబ్బుకే. మీకు దానితో సంబంధమే లేదు.

అసలు వాదన మోసం గురించే. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఎదుటి వ్యక్తికి సంబంధించిన ముఖ్యమైన విషయంలో మోసం చేసి సమ్మతి తీసుకుంటే పెళ్లి రద్దు కోరవచ్చు. 'ముఖ్యమైన విషయం' అన్న మాట 1976 సవరణలో చేరింది. చర్మం మీద మచ్చ ఆ లెక్కలోకి వస్తుందా అని వాదించేవాళ్లు ఉంటారు, మీకు అబద్ధపు ధైర్యం చెప్పను. అందుకే మీ అమ్మగారు ముందే చెప్పారన్నది మనకు ముఖ్యం. పెళ్లయ్యాక వేళ్ల మీద, పెదవి మీద వచ్చిన మచ్చల్ని పెళ్లికి ముందు దాచారనడం ఎలా కుదురుతుంది?

అదే సెక్షన్‌లో రెండు అడ్డుకట్టలు కూడా ఉన్నాయి. మోసం తెలిసిన ఏడాదిలోపు కోర్టుకు రావాలి. తెలిశాక ఇష్టపూర్వకంగా కలిసి కాపురం చేస్తే ఇక ఆ కారణం చెప్పకూడదు. మీ వారు రెండో నెలలోనే డాక్టరుకు చూపించారు, అంటే పద్నాలుగు నెలల క్రితమే. ఆ తర్వాత దాదాపు పదకొండు నెలలు కలిసే ఉన్నారు. ఆ రోజు డాక్టరు ఫీజు, మందుల బిల్లు ఆయన ఫోన్ నుంచి కట్టి ఉంటే ఆ తేదీ మనకు ఆధారం. పెళ్లి వీడియో కూడా తీసి చూడండి. సన్నికల్లు తొక్కించి మెట్టెలు తొడిగే చోట ఒక్కో సీను ఆపుతూ చూడండి. ఆయన చేయి మీ ఎడమ పాదం మీద ఉన్నప్పుడు చీలమండ మచ్చ కనబడితే, ఆ వీడియో ఒరిజినల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో భద్రపరచండి. బాబాయిగారిని ఇప్పుడే పలకరించి, ఏం విన్నారో గుర్తు చేసుకోమనండి. ఇలాంటి తగాదాల్లో మధ్యవర్తులు మెల్లగా పక్కకు తప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను.

నోటీసుకు మీ లాయరు ద్వారా జవాబు పంపండి. అందులో రాసిన గడువు దాటకుండా, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టు చేయండి. ప్రతి ఆరోపణనూ విడివిడిగా కాదనాలి. ఆరు లక్షల మాటకు బెదరకండి, నోటీసులో రాసినంత మాత్రాన అది అప్పు అయిపోదు. మీ నగలు, సారె సామాను వాళ్ల దగ్గరుంటే అవి మీ స్త్రీధనం. జాబితా రాసి తిరిగి అడగండి.

ఇక ఆ ఎర్ర చుక్క. ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, నేను అక్కడే ఆగిపోయాను. 2005 గృహహింస చట్టంలో హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. అవమానించడం, హేళన చేయడం, పేర్లు పెట్టి పిలవడం మానసిక హింస కిందికి వస్తాయి. కంచం వేరు చేయడం, చుక్క పెట్టడం, ఎవరి ముందు ఏ మాటన్నారో, అన్నీ తేదీలతో రాసుకోండి. ఫొటో ఉంటే తుడిపేయకండి. ఈ చట్టం కింద మీరు ఉంటున్న గుంటూరులోనే మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. ఉండటానికి చోటు, ఖర్చులకు డబ్బు, నష్టపరిహారం కోరవచ్చు. భరణానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 144వ సెక్షన్ కూడా ఉంది. క్రిమినల్ కేసు పెట్టే దారి ఉన్నా, నా సలహా అడిగితే మొదటి అడుగు అది కాదు.

కోర్టులో అందరి ముందూ మచ్చలు చూపించాల్సి వస్తుందేమోనని టెన్షన్ పడకండి. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కేసుల విచారణ బయటివాళ్లు లేకుండా జరగాలి. వివరాలు పత్రికల్లో అచ్చు వేయడం కూడా నేరం. జబ్బు గురించి డాక్టరు మాట్లాడతారు, కాగితాలు మాట్లాడతాయి.

ఒకవేళ మధ్యవర్తుల ఒత్తిడికి ఇప్పటికే పరస్పర విడాకుల పిటిషన్ మీద సంతకం చేసి ఉంటే, విడాకుల డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, వచ్చేలోపు మీ అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. సుప్రీంకోర్టు 1991లోనే ఆ మాట చెప్పింది.

లాయరు ఫీజుకు వెనకాడకండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా గుంటూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. నోటీసు, ఓపీ చీటీ, మందుల బిల్లులు, పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆ చీటీలో స్టాంపు కింద డాక్టరు ఏం రాశారో ఆయనకు చదివి, తెలుగులో విడమరిచి చెప్పమని అక్కడి లాయరును అడగండి.