ఉరికంబం తర్వాత మొదలుపెట్టు

అమ్మాయ్,

నీ చిత్తుప్రతి అందింది, చదివాను. 1862 డిసెంబర్ 26న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం మాన్‌కేటోలో, అక్కడి మూలవాసులైన డకోటా జాతివాళ్లు 38 మందిని ఒకేసారి ఉరితీసిన దృశ్యంతో ఎత్తుకున్నావు. బాగానే రాశావు, కాదనను. కానీ డకోటాల గురించి రాసే బయటివాళ్లు చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. చదివేవాడు కాసేపు బాధపడి పుస్తకం మూసేస్తాడు. ఆ కుటుంబాలు మర్నాటి నుంచి ఎలా బతికాయో పట్టించుకోడు. నువ్వు రాయాల్సింది ఆ మర్నాటి నుంచి.

జాతి మొత్తాన్నీ నెత్తికెత్తుకోకు, ఒక్క కుటుంబాన్ని పట్టుకో. నేనైతే ఓహియెసా కుటుంబాన్ని ఎంచుకుంటాను. చార్లెస్ ఈస్ట్‌మన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 1858లో పుట్టాడు, డాక్టరూ రచయితా అయ్యాడు. మీ మినియాపొలిస్‌లో బ్దే మకా స్కా సరస్సు ఉంది చూడు, దాని ఒడ్డునే ఆయన ముత్తాత క్లౌడ్ మ్యాన్ ఊరు ఉండేది. ముత్తాత కూతురు దగ్గర్లోని ఫోర్ట్ స్నెల్లింగ్‌లో పనిచేసే సెత్ ఈస్ట్‌మన్ అనే సైనికాధికారితో కాపురం చేసింది. ఆయన చిత్రకారుడు కూడా. వాళ్లకి కూతురు పుట్టాక (ఆమే ఓహియెసా తల్లి) బదిలీ మీద వెళ్లిపోయాడు. తర్వాత తెల్లావిడను పెళ్లాడి, అదే కోటకు అధికారిగా తిరిగొచ్చాడు. 1862-63 చలికాలంలో ఆ కోట కిందే సుమారు 1,600 మంది డకోటాలను నిర్బంధించారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఒకే నేల మీద ఇన్ని జరిగాయి. భూమితో అనుబంధం అని నువ్వు రాసిన రెండు పేజీల ఉపన్యాసం తీసేసి ఈ చోటుని చూపించు, చాలు.

ఆ ఉరులకు ముందు 1862లో డకోటాలకీ అమెరికా ప్రభుత్వానికీ జరిగిన యుద్ధం గురించి ఒక పేరా సరిపోతుంది. 1851 ఒప్పందాల్లో సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు పోయాయి, 1862లో ప్రభుత్వం నుంచి రావాల్సిన డబ్బు ఆలస్యమైంది, ఆకలి ముదిరింది. అంతే.

అసలు కథ తర్వాతది. ఓహియెసా తండ్రికీ మరణశిక్ష పడింది, అధ్యక్షుడు లింకన్ ఆ శిక్షల్ని సమీక్షించడంతో ప్రాణం దక్కింది. అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో ఖైదు చేశారు. ఇంట్లోవాళ్లు మాత్రం ఉరితీశారనే అనుకున్నారు. నాయనమ్మ, బాబాయి పిల్లాణ్ని తీసుకుని కెనడా వైపు పారిపోయారు. తండ్రి చావుకి పగ తీర్చుకోవాలని చెప్పి పెంచారు. పిల్లాడికి పదిహేనేళ్లు వచ్చాక ఆ తండ్రే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. క్రైస్తవుడయ్యాడు, భార్య ఇంటిపేరు ఈస్ట్‌మన్ పెట్టుకున్నాడు, ఇప్పటి సౌత్ డకోటాలోని ఫ్లాండ్రోలో సేద్యం చేస్తున్నాడు. తన జాతి కోల్పోయిన దేశంలోనే తెల్లవాళ్లలా హోమ్‌స్టెడ్ కింద, అంటే సాగు చేసుకునేవాళ్లకి ప్రభుత్వం భూమి ఇచ్చే చట్టం కింద, భూమి తీసుకున్నాడు! ఎవరి మీద పగ తీర్చుకోవాలి ఆ కుర్రాడు? గుర్తింపు అన్న మాట వాడకుండా ఈ సన్నివేశం రాసి చూడు.

డావెన్‌పోర్ట్ ఖైదీలు డకోటా భాషలోనే రాసిన ఉత్తరాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. వాటిని తప్పక చదువు. తమవాళ్ల క్షేమం అడిగే ఆ గొంతు చెవినపడితే, నీ పాత్రలు అంత గంభీరమైన డైలాగులు మాట్లాడవు.

ఇంకో సంగతి. మూడో అధ్యాయంలో పోలవరం నిర్వాసితులతో పోలిక పెట్టావు. కొట్టేశాను. వాళ్ల బాధ మనకి అర్థం కావాలంటే మన ఊరు మధ్యలోకి రావాల్సిన పనిలేదు. పైగా రెండు కథలకీ అన్యాయం జరుగుతుంది.

చివర్లో వాళ్లని గతంలోకి నెట్టేశావు, 'ఉండేవారు', 'చేసేవారు' అంటూ. వాళ్లు ఇప్పుడూ ఉన్నారు. 2018లో ఆ సరస్సుకి బ్దే మకా స్కా అనే పాత పేరు మళ్లీ తెచ్చారు. 2021లో మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీ సుమారు 114 ఎకరాలు లోయర్ సూ అనే డకోటా సమాజానికి తిరిగిచ్చింది. అక్కడివాళ్లతో మాట్లాడితే ముందే రచయితనని చెప్పు. వాళ్ల ఇంటి కథ ఏదైనా వాడుకోవాలంటే అడుగు, వద్దంటే వదిలెయ్. ఎంత మంచి కథైనా సరే.

ఫోర్ట్ స్నెల్లింగ్ అధ్యాయం ముందు రాసి పంపు. మాన్‌కేటో తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు